ఇంటినిండా అతిథులే



పాతకాపులైన ఒక సంగీత బృందం పన్నెండేళ్ల విరామం తర్వాత కొత్త ఆల్బమ్ తెచ్చింది. అందులో 17 ట్రాకులుంటే, పదింటి పక్కన ఇంకెవరిదో పేరు ఉంది. ఒకదాని పక్కన స్నూప్ డాగ్, ఒకదాని పక్కన అషర్, ఇంకోదాని పక్కన డేవిడ్ బర్న్, మరోదాని పక్కన డేమన్ అల్బార్న్. ఇలాంటి జాబితా చూడగానే సంగీతం వినే అలవాటున్న ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. వీళ్ల దగ్గర సరుకు అయిపోయినట్టుంది, సొంత గొంతు అరిగిపోయి అరువు గొంతులు తెచ్చుకున్నారు అని. ఆ అనుమానం చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. పెద్దవయసులో పెద్ద పేర్లను పోగేసుకుని చేసిన ఆల్బమ్‌లు అన్ని భాషల్లోనూ, అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. వాటిలో ఎక్కువ శాతం ఒకసారి విని పక్కన పెట్టేసేవే.

నేనివాళ చెప్పబోయేది న్యూయార్క్ హిప్ హాప్ బృందం డి లా సోల్ 2016 ఆగస్టు 26న విడుదల చేసిన 'అండ్ ది అనానిమస్ నోబడీ' అనే ఆల్బమ్ గురించి. ఇది ఆ కోవలోకి రాదని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ బృందానికి అతిథులు కొత్త కాదు. మొదటి ఆల్బమ్ నుంచీ వీళ్ల ఇల్లు అతిథులతోనే నిండి ఉంది. కాకపోతే అప్పుడొచ్చిన వాళ్లలో కొందరికి తాము వచ్చిన సంగతే తెలియదు. ఆ కథ చెబితేగాని ఈ ఆల్బమ్ సంగతి అర్థం కాదు.

న్యూయార్క్ నగరానికి తూర్పున లాంగ్ ఐలాండ్ అనే పొడవాటి దీవి ఉంది. అందులో ఎమిటీవిల్ ఒక చిన్న ఊరు. ఆ ఊరి హైస్కూల్లో కలిసి చదువుకున్న ముగ్గురు కుర్రాళ్లు కెల్విన్ మెర్సర్, డేవిడ్ జోలికోర్, విన్సెంట్ మేసన్. బ్రాంక్స్ వీధుల్లో పుట్టిన హిప్ హాప్ అప్పటికి పదిహేనేళ్ల వయసుకొచ్చింది. ర్యాపర్లంటే మెడలో లావుపాటి బంగారు గొలుసులు, మాటలో దబాయింపు ఉండాలనుకునే రోజులవి. వీళ్లు అలాంటివాళ్లు కాదు. పూలపూల చొక్కాలు వేసుకున్నారు, తమలో తామే నవ్వుకునే జోకులు వేశారు. డేవిడ్‌కి పెరుగంటే ఇష్టమని యోగర్ట్ అన్న మాటను వెనకనుంచి చదివి ట్రూగోయ్ అని పేరు పెట్టుకున్నాడు. కెల్విన్ కూడా అదే పద్ధతిలో పాస్డ్‌నూస్ అయ్యాడు. మేసన్ మేసియో అయ్యాడు. వాళ్ల ఊరివాడే అయిన పాల్ హ్యూస్టన్, అంటే ప్రిన్స్ పాల్, అప్పటికే స్టెట్సాసోనిక్ అనే బృందంలో డీజేగా పేరు తెచ్చుకున్నాడు. అతను వీళ్ల డెమో టేపు విని ముచ్చటపడి చేరదీశాడు. టామీ బాయ్ అనే లేబుల్ వీళ్లని తీసుకుంది. 1989లో మొదటి ఆల్బమ్ '3 ఫీట్ హై అండ్ రైజింగ్' వచ్చింది.

ఈ ఆల్బమ్ ఎలా తయారైందో కాస్త నిదానంగా చెప్పాలి. వీళ్లకు బ్యాండు లేదు. గిటార్ వాయించేవాళ్లు, బాకాలు ఊదేవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో అమ్మానాన్నలు కొన్న గ్రామఫోన్ రికార్డులున్నాయి, శాంప్లర్ అనే యంత్రం ఉంది. రికార్డులో నచ్చిన చోట రెండు మూడు సెకన్ల ముక్కను ఆ యంత్రంలోకి ఎక్కించవచ్చు. దాన్ని తిప్పి తిప్పి వాయించవచ్చు, వేగం తగ్గించవచ్చు, పెంచవచ్చు, ఒకదాని మీద ఒకటి పరచవచ్చు. మన ఇళ్లలో పాత చీరల ముక్కలతో బొంత కుట్టినట్టు వీళ్లు పాత పాటల ముక్కలతో పాటలు కుట్టారు. అంతకుముందు శాంపిళ్లు వాడినవాళ్లు లేరని కాదు, కానీ వాళ్లు ఎక్కువగా జేమ్స్ బ్రౌన్ డ్రమ్ముల చుట్టూనే తిరిగేవారు. వీళ్లకు అలాంటి పట్టింపు లేదు. పిల్లల టీవీ కార్యక్రమంలో లెక్కలు నేర్పే పాట, జానీ క్యాష్ అనే కంట్రీ గాయకుడి గొంతు, హాల్ అండ్ ఓట్స్ అనే శ్వేతజాతి పాప్ జంట, ఫంకడెలిక్ బృందం, ఏది చేతికందితే అది కుట్టేశారు. ఆల్బమ్ పేరు కూడా జానీ క్యాష్ వరద పాట పేరుకి పేరడీయే.

'ఐ నో' అన్న పాట ఒక్కటి తీసుకుందాం. అందులోని ఒక ముక్క స్టీలీ డాన్ అనే రాక్ బృందం 1977లో చేసిన 'పెగ్' నుంచి వచ్చింది. మధ్యలో ఒక ఈల వినిపిస్తుంది, తీరిగ్గా కూర్చున్న మనిషి వేసే ఈల. అది ఓటిస్ రెడింగ్‌ది. సముద్రపు రేవు దగ్గర కూర్చుని పాడినట్టుండే ఆయన చివరి పెద్ద పాటలోది. ఆ పాట రికార్డు చేసిన కొద్దిరోజులకే 1967 డిసెంబరులో ఆయన విమాన ప్రమాదంలో పోయారు. ఇరవై ఏళ్లు దాటాక లాంగ్ ఐలాండ్ కుర్రాళ్లు ఆయన ఈలను తెచ్చి, స్టీలీ డాన్ వాళ్ల పక్కన కూర్చోబెట్టి, తాము ముందు నిలబడి ఒక ప్రేమపాట పాడారు. డి లా సోల్ ఇంటికొచ్చిన తొలి అతిథులు ఇలాంటివాళ్లే. ఎవరినీ బొట్టుపెట్టి పిలవలేదు, బతికున్నవాళ్లలో కొందరికి కబురు కూడా వెళ్లలేదు.

పిలిచి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అదే ఆల్బమ్‌లో 'బడీ' అన్న పాటలో జంగిల్ బ్రదర్స్, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ నుంచి క్యూ టిప్ ఉన్నారు. ఆ పాటకు తర్వాత చేసిన మరో రూపంలో క్వీన్ లతీఫా, మోనీ లవ్ కూడా వచ్చి చేరారు. అందరూ ఇంచుమించు ఒక ఈడువాళ్లు. నేటివ్ టంగ్స్ అని తమకో పేరు పెట్టుకుని ఒకరి పాటలో ఒకరు దూరిపోయేవారు. దానికి కాంట్రాక్టులూ గీంట్రాక్టులూ పెద్దగా ఉండేవి కావు. స్టూడియోకి వచ్చినవాడు మైకు ముందుకు వచ్చేవాడు, అంతే.

ఇక ఆ ఆల్బమ్‌లోనే ఒక నిమిషం చిల్లర నిడివి ఉన్న చిన్న ముక్క ఉంది. పేరు 'ట్రాన్స్‌మిటింగ్ లైవ్ ఫ్రమ్ మార్స్'. అదసలు పాట కాదు. ఫ్రెంచి భాష నేర్పే రికార్డులోంచి ఒక గొంతు మాట్లాడుతుంటుంది. దాని కింద 1960ల నాటి టర్టిల్స్ అనే బృందం పాటలోని ఒక ముక్క వేగం బాగా తగ్గించిన రూపంలో గిరికీలు కొడుతుంటుంది. సరదాకి చేసిన పని. దానికి అనుమతి తీసుకోలేదు. టర్టిల్స్ వాళ్లు కోర్టుకెక్కారు. గమ్మత్తేమిటంటే ఆ పాట టర్టిల్స్ వాళ్లు సొంతంగా రాసిందేమీ కాదు, బర్డ్స్ బృందంలోని ఇద్దరు రాసిచ్చింది. కానీ రికార్డింగు వాళ్లదే, హక్కూ వాళ్లదే. కేసు చివరికి కోర్టు బయట రాజీ అయ్యింది. 1991 డిసెంబరులో న్యూయార్క్‌లో ఇంకో కేసులో తీర్పు వచ్చింది. బిజ్ మార్కీ అనే ర్యాపర్ గిల్బర్ట్ ఓ సలివన్ పాటను అనుమతి లేకుండా వాడుకున్నాడన్న కేసది. జడ్జి గారు తీర్పుని బైబిల్‌లోని దొంగతనం చేయరాదన్న ఆజ్ఞతో మొదలుపెట్టారు. అంతటితో ఒక శకం ముగిసింది. అప్పట్నుంచి ప్రతి ముక్కకీ హక్కుదారుని వెతకాలి, అనుమతి అడగాలి, వాళ్లు చెప్పిన ధర ఇవ్వాలి. ఒక్కో పాటలో నాలుగైదు ముక్కలుంటే అందరికీ పంచాక పాడినవాడికి మిగిలేది సున్నా. '3 ఫీట్ హై' లాంటి ఆల్బమ్ చేయడం ఇక ఎవరికీ గిట్టుబాటు కాని వ్యవహారమైంది.

ఈ గొడవ మనకు తెలియనిదేమీ కాదు. పాత పాటను కొత్త సినిమాలో వాడుకున్నారని ఇళయరాజా గారి తరఫున నోటీసులు వెళ్లినప్పుడల్లా మన పేపర్లలోనూ రెండు వర్గాలవుతాయి. నాకు ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తుంది. ఓటిస్ రెడింగ్ ఈలకు ఆయన కుటుంబానికి డబ్బు అందాల్సిందే. ఆ ఈలతో కొత్త పాట కట్టిన కుర్రాడిని దొంగ అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

డి లా సోల్ మీద దెబ్బ అక్కడితో ఆగలేదు. వాళ్లు ఆ తర్వాత మంచి ఆల్బమ్‌లే చేశారు. 1991లో, 1993లో, 1996లో వచ్చినవాటికి ఇప్పటికీ వీరాభిమానులున్నారు. కానీ ఆ పాత అనుమతి పత్రాలన్నీ గ్రామఫోన్ రికార్డులు, క్యాసెట్ల కాలంలో రాసినవి. ఇంటర్నెట్‌లో పాట అమ్మే రోజు వస్తుందని వాటిలో ఎవరూ రాయలేదు. దాంతో ఐట్యూన్స్ వచ్చింది, స్పాటిఫై వచ్చింది, ప్రపంచంలోని సంగీతమంతా జేబులోకి వచ్చింది గాని, డి లా సోల్ పేరుమోసిన పాటలు మాత్రం రాలేదు. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన భద్రపరచదగిన రికార్డింగుల జాబితాలో '3 ఫీట్ హై'ని చేర్చుకుంది. అలాంటి ఆల్బమ్‌ని ఒక పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఫోన్‌లో విందామంటే దొరికేది కాదు. ఆ తరానికి వీళ్లు లేనట్టే లెక్క. 2014లో ప్రేమికుల రోజున వీళ్లు విసిగిపోయి ఒక పని చేశారు. తమ మొత్తం పాటల్ని 25 గంటల పాటు తమ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టి, కావలసినవాళ్లు తీసుకోండి అన్నారు. మొదటి ఆల్బమ్‌కి 25 ఏళ్లు కాబట్టి 25 గంటలట. కడుపుమంటలో కూడా లెక్క తప్పని మనుషులు.

మరి అన్నేళ్లు ఎలా బతికారంటే, కచేరీలతో బతికారు. ఊరూరా తిరిగారు. 2004లో 'ది గ్రైండ్ డేట్' తర్వాత పూర్తిస్థాయి ఆల్బమ్ లేదు. 2005లో డేమన్ అల్బార్న్ నడిపే గొరిల్లాజ్ బృందం 'ఫీల్ గుడ్ ఇంక్' అన్న పాటకు వీళ్లని పిలిచింది. ఆ పాట మొదట్లో వినిపించే పిచ్చినవ్వు మీలో చాలామంది వినే ఉంటారు. ఆ పాటకే వీళ్లకు గ్రామీ వచ్చింది. తమ పేరు మీద చేసిన ఏ ఆల్బమ్‌కీ రాని బహుమతి ఇంకొకరి ఇంట్లో అతిథులుగా నాలుగు చరణాలు ర్యాప్ చేసినందుకు వచ్చింది. అతిథిగా వెళ్లడంలోని లాభనష్టాలు వీళ్లకన్నా బాగా తెలిసినవాళ్లు తక్కువ.

2015 మార్చిలో కొత్త ఆల్బమ్ చేస్తామని ప్రకటించారు. లేబుల్ గడప తొక్కలేదు. కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటు ద్వారా అభిమానుల్నే నేరుగా చందా అడిగారు. 1,10,000 డాలర్లు కావాలన్నారు. అది పూట గడవకముందే వచ్చేసింది. గడువు ముగిసేనాటికి 11,000 మందికి పైగా కలిసి 6 లక్షల డాలర్లు దాటించారు. ఎవరో పేరు తెలియని వేలమంది డబ్బుతో తయారైన ఆల్బమ్‌కి అనామకుల పేరు పెట్టడం ఊరికే తట్టింది కాకపోవచ్చు.

అసలు తెలివి అంతా ఆ డబ్బుతో చేసిన పనిలో ఉంది. శాంపిల్ అనుమతుల జంజాటం మళ్లీ నెత్తిన పెట్టుకోదల్చుకోలేదు. అలాగని శాంపిల్ పద్ధతి వదులుకుంటే వీళ్లు వీళ్లు కాకుండా పోతారు. అందుకని లాస్ ఏంజెలెస్‌కి చెందిన రిథమ్ రూట్స్ ఆల్‌స్టార్స్ అనే పదిమంది వాద్యబృందాన్ని కూర్చోబెట్టారు. ఆ బృందం అప్పటికే వీళ్లతో కచేరీలు తిరిగిందే. ముందుగా రాసిన బాణీలేం లేవు. ఒకరు ఒక లయ ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఫంక్, సోల్, రాక్, జాజ్, ఎటు మనసు పోతే అటు వాయించారు. మూడేళ్ల కాలంలో ఇలా 200 గంటలకు పైగా రికార్డింగు పోగైంది. ఇక అక్కడ్నుంచి పాతపని మొదలు. ఆ 200 గంటల్ని వినాలి. ఎక్కడో ఒకచోట డ్రమ్ము పడిన తీరు బాగుంటుంది, ఇంకెక్కడో బాకా విరిచిన మలుపు బాగుంటుంది. ఆ ముక్క కత్తిరించాలి, తిప్పాలి, పరచాలి. అంటే తమ శాంపిళ్లను తామే ముందు తయారుచేయించుకుని, తర్వాత వాటినే ఏరుకున్నారు. ఇప్పుడు నోటీసు పంపాల్సినవాడు ఎవడూ లేడు. ఇంత చుట్టుతిరుగుడు పని హిప్ హాప్‌లో వేరెవరు ఇంత శ్రద్ధగా చేశారో నాకు గుర్తు రావడం లేదు.

వినేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. '3 ఫీట్ హై'లో ముక్కల మధ్య అతుకులు కనిపిస్తాయి, అదే దాని అందం. ఇందులో అతుకులు తక్కువ, గాలి ఎక్కువ. వాద్యాలు నిజంగా ఒక గదిలో మోగిన ధ్వని ఉంది. 'రాయల్టీ కేప్స్' మొదట్లో వచ్చే బాకాల హోరు వినండి. పాత రికార్డులోంచి గీకిన బాకా అలా గది నిండా మోగదు. పాతదే బాగుందని ముక్కు విరిచేవాళ్లున్నారు. నేనైతే వాళ్లతో పూర్తిగా వాదించను.

ఇక అతిథుల దగ్గరికి వద్దాం. అందరి గురించీ చెప్పను, అవసరమూ లేదు. గాయని జిల్ స్కాట్ ప్రేమ గురించి మాట్లాడే మాటలతో ఆల్బమ్ తెరుచుకుంటుంది. అది బాగుంటుంది గాని, మంగళహారతితో మొదలైన నాటకంలా అనిపించి నాకు కాస్త తొందర పుడుతుంది. స్నూప్ డాగ్ వచ్చే 'పెయిన్' మాత్రం నిఖార్సైన పాట. పేరులో బాధ ఉంది గాని పాట హుషారుగా నడుస్తుంది. లాంగ్ ఐలాండ్ వాళ్లకీ కాలిఫోర్నియా లాంగ్ బీచ్ వాడికీ పొత్తు ఎలా కుదిరిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. డి లా సోల్‌కి పేరు తెచ్చిన 'మీ మైసెల్ఫ్ అండ్ ఐ' పాట ఫంకడెలిక్ ముక్క మీద నిలబడింది. స్నూప్ తొలి సోలో పాట కూడా ఆ ఫంకడెలిక్ పెద్దాయన జార్జ్ క్లింటన్ సంగీతంలోంచి పుట్టిందే. ఇద్దరూ ఒకే బావి నీళ్లు తాగి పెరిగినవాళ్లు. పాతికేళ్ల తర్వాత ఒక పాటలో కలిస్తే బంధువులు కలిసినట్టే ఉంది.

డేవిడ్ బర్న్ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ఆయన టాకింగ్ హెడ్స్ నాయకుడు. న్యూయార్క్‌లో సీబీజీబీ అనే క్లబ్బులో 1975లో వాళ్ల ప్రస్థానం మొదలైంది. ఈ ఆల్బమ్‌లో బర్న్ పాటకు రెండు ట్రాకుల ముందు ఉన్న చిన్న ముక్క పేరు 'సీబీజీబీస్'. ఆయన వచ్చేముందే ఆయన పాత అడ్రసు చెప్పినట్టు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. 1981లో బర్న్, బ్రయన్ ఈనో కలిసి 'మై లైఫ్ ఇన్ ది బుష్ ఆఫ్ గోస్ట్స్' అనే ఆల్బమ్ చేశారు. అందులో ఆయన పాడలేదు. రేడియోలోంచి పట్టుకున్న బోధకుల ఉపన్యాసాలు, ఎక్కడెక్కడివో పాటల గొంతులు టేపు మీదికి ఎక్కించి వాటి కింద సంగీతం అల్లారు. శాంప్లర్ యంత్రాలు చవకగా దొరకని రోజుల్లో టేపులతో కుస్తీపట్టి చేసిన పని అది. అంటే ఇతరుల గొంతులతో పాటలు కట్టే విద్యలో డి లా సోల్‌కి ఆయన ఒక పెద్దన్న. ఆయన్ని 'స్నూపీస్' పాటకు పిలిచారు. ఆ పాట రెండు వేర్వేరు పాటల్ని పక్కపక్కన నిలబెట్టినట్టు ఉంటుంది. వీళ్ల ర్యాప్ ఒక నడకలో, ఆయన పాడే భాగం ఇంకో నడకలో. రెంటినీ సాపు చేసి ఒకే తాళంలోకి దించే ప్రయత్నం చేయలేదు. ఆ గరుకే నాకు నచ్చింది.

'లార్డ్ ఇంటెండెడ్' ఏడు నిమిషాలు దాటిన పాట. గిటార్ల మోత మీద ర్యాప్, ఆ తర్వాత ది డార్క్‌నెస్ అనే ఇంగ్లండు రాక్ బృందం గాయకుడు జస్టిన్ హాకిన్స్ ఎత్తైన స్థాయిలో రాగం తీస్తాడు. ర్యాప్ బృందం ఆల్బమ్‌లో ఈ వ్యవహారమేమిటని కొందరు తల పట్టుకున్నారు. జానీ క్యాష్‌నీ ఫ్రెంచి పాఠాన్నీ ఒకే ఆల్బమ్‌లో పెట్టినవాళ్లు రాక్ గాయకుణ్ని పిలిస్తే వింతేముంది? కాకపోతే పాట మూడు నిమిషాలు తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది. అషర్ పాడిన 'గ్రేహౌండ్స్' ఊరు వదిలి బస్సెక్కి మహానగరానికి వెళ్లిన ఒక అమ్మాయి కథ. కథ చెప్పడంలో వీళ్ల చేయి తిరిగిందని అది విన్నా తెలుస్తుంది. ర్యాపర్ టూ చైన్జ్‌తో చేసిన 'వూడీనీ' దగ్గర మాత్రం కుర్రకారు కోసం తలుపు తీసినట్టు అనిపిస్తుంది. నేను మొదట్లో చెప్పిన అనుమానం అక్కడ కాస్త నిజమైంది.

ఆల్బమ్ మొత్తంలో నేను ఎక్కువసార్లు విన్నది 'డ్రాన్'. స్వీడన్ బృందం లిటిల్ డ్రాగన్, దాని గాయని యుకిమి నగానో. వాయులీనాలు మెల్లగా కదులుతుంటాయి, ఆమె గొంతు వాటి మీద అటూ ఇటూ ఊగుతుంది. నిమిషాలు గడుస్తుంటాయి, డి లా సోల్ జాడ ఉండదు. ఇది ఎవరి ఆల్బమో మరిచిపోతాం. పాట చివరికొచ్చాకగాని ర్యాప్ వినపడదు. అది కూడా కంచు గొంతుతో కాదు, కూర్చుని మాట్లాడుకుంటున్న చోట మాట కలిపినట్టు వస్తుంది. ఆల్బమ్ అట్ట మీద తమ పేరు వేసుకుని, డబ్బు తెచ్చి, బ్యాండుని కుదిర్చి, తీరా పాటలో ముప్పాతిక వంతు అతిథికి వదిలేసి గోడవారగా నిలబడాలంటే చాలా ధీమా ఉండాలి. సరుకు అయిపోయినవాడు ఆ పని చేయలేడు. తాను ఎక్కడ కనపడకుండా పోతానోనన్న భయం వాడికి ఉంటుంది.

డేమన్ అల్బార్న్ పాట దాదాపు చివర్లో వస్తుంది. పోయినవాళ్ల గురించీ మిగిలినవాళ్ల గురించీ. 2005లో వాళ్లింటికి వీళ్లు వెళ్లారు, 2016లో వీళ్లింటికి ఆయన వచ్చాడు. లిటిల్ డ్రాగన్ కూడా గొరిల్లాజ్‌తో కలిసి పాడినవాళ్లే. 2010లో గొరిల్లాజ్ కచేరీల యాత్రలో వీళ్లంతా ఒకే వేదిక మీద ఉన్నారు. అంటే ఈ పేర్లలో కొన్ని ఏ మేనేజరో ఫోన్లు తిప్పి పోగేసినవి కావు, రాకపోకలున్న ఇళ్లు.

అదే 2016 నవంబరులో వీళ్ల నేటివ్ టంగ్స్ సోదరులు ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ కూడా 18 ఏళ్ల తర్వాత ఆల్బమ్ తెచ్చారు. అందులోనూ అతిథులే. కెండ్రిక్ లమార్, ఆండ్రే 3000, జాక్ వైట్, చివరికి ఎల్టన్ జాన్. వాళ్ల బృందంలోని ఫైఫ్ డాగ్ ఆ మార్చిలోనే చనిపోయాడు. ఆల్బమ్ బయటికొచ్చింది అమెరికా ఎన్నికలు ముగిసిన వారంలో. ఆ దుఃఖం, ఆ కోపం కలిసి అది నేరుగా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. డి లా సోల్ ఆల్బమ్‌కి అలాంటి సందర్భం కలిసిరాలేదు. గ్రామీలో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ పోటీదాకా వెళ్లింది, చాన్స్ ది ర్యాపర్ చేతిలో ఓడింది. రెండింటినీ పక్కపక్కన పెడితే ట్రైబ్‌ది బిగువైన ఆల్బమ్ అని ఒప్పుకోవాలి. డి లా సోల్‌ది వదులుగా ఉంటుంది, మధ్యమధ్య దారి తప్పుతుంది. అయినా నేను మళ్లీ మళ్లీ తిరిగి వెళ్లేది ఈ వదులు ఆల్బమ్ దగ్గరికే.

పాత పాటల గొడవ ఆ తర్వాత కూడా ఏడేళ్లు సాగింది. 2019లో టామీ బాయ్ వాళ్లు ఆ పాటల్ని ఆన్‌లైన్‌లో పెడతామన్నారు. వచ్చే డబ్బులో తమకు పదో వంతు మాత్రమే దక్కుతుందని వీళ్లు బహిరంగంగా మొరపెట్టుకున్నారు, తోటి కళాకారులు వెనక నిలబడ్డారు, విడుదల ఆగిపోయింది. 2021లో రిజర్వాయర్ అనే సంస్థ 10 కోట్ల డాలర్లకు టామీ బాయ్‌ని కొనేసింది. ఆ ఏడాది చివర్లోనే 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' చివరి టైటిల్స్‌లో వీళ్ల 'ది మ్యాజిక్ నంబర్' మోగింది. హైదరాబాదులో, విజయవాడలో మొదటి ఆట చూసిన పిల్లలు కూడా ఆ పాటేదో వెతుక్కునే ఉంటారు. వెతికితే దొరికేది కాదు. చివరికి కొత్త యాజమాన్యంతో ఒప్పందం కుదిరింది, ముక్కముక్కకీ అనుమతులు వెతికారు, కుదరనిచోట్ల కొన్నిటిని మళ్లీ వాయించి అతికించారు. 2023 మార్చి 3న పాటలన్నీ ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. దానికి దాదాపు మూడు వారాల ముందు, ఫిబ్రవరి 12న, డేవిడ్ జోలికోర్ 54 ఏళ్లకే చనిపోయాడు.

దాంతో 'అండ్ ది అనానిమస్ నోబడీ' అతను బతికుండగా ముగ్గురూ కలిసి విడుదల చేసిన చివరి ఆల్బమ్ అయ్యింది. మిగిలిన ఇద్దరూ 2025 నవంబరులో 'క్యాబిన్ ఇన్ ది స్కై' తెచ్చారు. డేవిడ్ రికార్డు చేసి వెళ్లిన గొంతు అందులో ఉంది. అతిథుల సంగతి చెప్పాలా? నాస్, కామన్, కిల్లర్ మైక్, స్లిక్ రిక్ వచ్చారు. 'బడీ'లో పాడిన క్యూ టిప్ కూడా వచ్చాడు.

మొదటిసారి వినేవాళ్లకు నా సలహా ఒకటుంది. 2016 ఆల్బమ్‌ని మొదటినుంచి వరసగా వినకండి. ముందు 'పెయిన్' వినండి, తర్వాత 'స్నూపీస్', ఆ తర్వాత 'డ్రాన్'. 'డ్రాన్' వింటూ ర్యాప్ ఇంకా రాలేదేమిటని ఆపేయకండి, వస్తుంది. 'వూడీనీ' నచ్చకపోతే దాటేయండి, నేనూ దాటేస్తుంటాను. ఆ పైన తీరిక ఉంటే 1989కి వెళ్లి 'ఐ నో' పెట్టుకుని ఆ ఈల ఎక్కడొస్తుందో పట్టుకోండి. హెడ్‌ఫోన్స్ ఉంటే మంచిది, ఫోన్ స్పీకరులో బాకాలు పీలగా వినపడతాయి.